ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సైన్స్ కిట్: ముందు కాంటా సరిచూడండి, తర్వాతే ప్రయోగం

జూన్‌లో బడులు తెరిచే రోజులకు హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల స్టేషనరీ, ల్యాబ్ సామాన్ల దుకాణాల్లో ఒక నీలం ప్లాస్టిక్ పెట్టె వరుసగా పేర్చి కనిపిస్తుంది. మూత మీద ‘6, 7, 8 తరగతుల భౌతిక విజ్ఞాన కిట్, 45 ప్రయోగాలు’ అని ఉంటుంది. రాసిన ధర 1,650 రూపాయలు, అడిగితే 1,500కు ఇస్తారు. లోపల స్ప్రింగ్ త్రాసు, ఎర్ర ద్రవం థర్మామీటర్, 100 మిల్లీలీటర్ల కొలజాడీ, నాలుగు ఘనాలు (చెక్క, అల్యూమినియం, ఇనుము, ఇత్తడి), రెండు దండాయస్కాంతాలు, దిక్సూచి, కుంభాకార కటకం, పుటాకార కటకం, అద్దం ముక్కలు, పట్టకం, లోలకం గుండు, శృతిదండం, బల్బులు, ఎల్ఈడీలు, వైర్లు, సిరంజీలు, లిట్మస్ కాగితాలు, ఒక తెలుగు పుస్తకం ఉంటాయి. సెల్లు మనమే కొనుక్కోవాలి.

చూసి తెలుసుకునే ప్రయోగాలకు ఈ పెట్టె బాగుంది. కొలిచి తెలుసుకునే ప్రయోగాలకు, వచ్చింది వచ్చినట్టు వాడితే పనికిరాదు. అయస్కాంతాలు, కటకాలు పెట్టిన డబ్బుకు తగ్గట్టే ఉన్నాయి. త్రాసు, కొలజాడీ ఇచ్చిన ఘనాలతో పొసగవు, థర్మామీటర్ గీతలు సరైన చోట లేవు. ఆ మూడింటినీ సరిచేసుకునే దారులున్నాయి, ఖర్చు కూడా తక్కువే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటికే.

ముందు త్రాసు. 0 నుంచి 500 గ్రాముల దాకా కొలుస్తుంది, ఒక్కో గీత 10 గ్రాములు. పుస్తకంలో మూడో ప్రయోగం ఆర్కిమెడిస్ సూత్రం: ‘ఇనుప ఘనాన్ని త్రాసుకు వేలాడదీసి నీటిలో ముంచండి, బరువు తగ్గడం గమనించండి’. ఘనం భుజం 2 సెంటీమీటర్లు, అంటే ఘనపరిమాణం 8 ఘన సెంటీమీటర్లు. నీటిలో ముంచితే త్రాసు మీద తగ్గేది ఘనం పక్కకు నెట్టిన నీటి బరువు, అంటే 8 గ్రాములు. గీత 10 గ్రాములదైతే 8 గ్రాముల తేడా కనిపించేదెట్లా? ముల్లు కొద్దిగా కదిలినట్టు అనిపిస్తుంది, అంతే. పిల్లవాడు పుస్తకంలో ఉన్న జవాబునే నోట్సులోకి ఎక్కిస్తాడు. ఇనుము, ఇత్తడి మధ్య తేడా చూపమన్న ప్రయోగానిదీ ఇదే గతి. ఆ కొలతల ఇనుప ఘనం 63 గ్రాములు, ఇత్తడి ఘనం దాదాపు 68 గ్రాములు. మధ్యలో ఉన్నది అర గీత. అల్యూమినియం ఘనం ఇరవై ఒకటిన్నర గ్రాములే కాబట్టి దాని తేడా ఒక్కటే స్పష్టంగా తెలుస్తుంది.

తప్పు త్రాసుది కాదు, దానికి తగని వస్తువును జత చేయడంలో ఉంది. ఘనాలను పక్కన పెట్టి ఒక రాయి తీసుకోండి. వరంగల్, కరీంనగర్ చుట్టూ ఎటు చూసినా గ్రానైటే, ఇంటి పని జరుగుతున్న చోట పిడికెడు ముక్క దొరక్కపోదు. 270 గ్రాముల దగ్గర తూగే ముక్కను ఏరండి. సన్న సుతిలితో గట్టిగా కట్టి త్రాసుకు వేలాడదీసి, బకెట్ నీళ్లలో పూర్తిగా మునిగేలా దించండి. అడుగుకూ గోడకూ తగలకూడదు. తగిలితే రాయి బరువులో కొంత బకెట్ మోస్తుంది, లెక్క చెడుతుంది. ముల్లు 170 దగ్గరికి వస్తుంది. తగ్గిన 100 గ్రాములు రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. 100 గ్రాముల నీళ్లంటే 100 ఘన సెంటీమీటర్లు, అదే రాయి ఘనపరిమాణం. 270ని 100తో భాగిస్తే సాంద్రత, అంటే ఘన సెంటీమీటరుకు ఎన్ని గ్రాములో, 2.7 వస్తుంది, గ్రానైట్‌కు రావలసిందీ ఆ దగ్గరే. గీత 10 గ్రాములది కాబట్టి తగ్గింది 95 కావచ్చు, 105 కావచ్చు. అప్పుడు జవాబు 2.84కూ 2.57కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ రెండంకెలూ నోట్సులో రాయించండి. కొలత అంటే ఒక్క అంకె కాదనీ, అటూ ఇటూ కొంత జాగా ఉంటుందనీ ఎనిమిదో తరగతి పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది.

త్రాసును నమ్మే ముందు దాన్నీ తూచాలి. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే రైతుల పిల్లలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు, బస్తా ఎక్కించకముందే కాంటా సున్నా మీద ఉందా లేదా అని చూసే ఇళ్లలో పెరిగినవాళ్లు వాళ్లు. ఈ త్రాసును కొక్కెం కిందికి ఉండేలా నిలువుగా పట్టుకుని ముల్లు ఎక్కడుందో చూడండి. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే సున్నా వేరే చోట కనిపిస్తుంది, కొక్కెం బరువు స్ప్రింగు మీద పడదు కాబట్టి. పైన ఉన్న మరను తిప్పి సున్నాకు తేవాలి. కొన్ని పెట్టెల్లోని త్రాసులకు ఆ మర ఉండదు. అలాంటిదైతే ఎంత ఎక్కువ చూపుతుందో రాసుకుని ప్రతి కొలత నుంచి తీసేయాలి.

సున్నా తర్వాత 100 దగ్గర సరిచూడాలి. పది రూపాయల నాణెం ఒక్కోటి 7.7 గ్రాములు. పదమూడు నాణేలు పల్చటి ప్లాస్టిక్ సంచిలో వేస్తే 100 గ్రాములు, తేడా ఉంటే గ్రాము లోపే. ఆ సంచి వేలాడదీస్తే ముల్లు 90 మీదో 110 మీదో ఆగితే ఆ త్రాసు తీసుకోవద్దు. ఇంకో జాగ్రత్త: అరకిలోకు మించి ఏదీ తగిలించొద్దు. పిల్లలు ఎంతో ఇష్టంగా పుస్తకాల సంచి తగిలించి చూస్తారు. స్ప్రింగు ఒకసారి దాని స్థితిస్థాపక హద్దు దాటి సాగిందంటే మళ్లీ సున్నాకు రాదు.

త్రాసు ఒకవైపు గ్రాములు, మరోవైపు న్యూటన్లు. ఈ రెండు గీతలూ పక్కపక్కనే ఉండటం ఈ కిట్‌లో మంచి విషయం. గ్రాములు ద్రవ్యరాశికి (వస్తువులో ఎంత పదార్థం ఉందో దానికి), న్యూటన్లు భారానికి (భూమి దాన్ని లాగే బలానికి). 100 గ్రాముల ద్రవ్యరాశి మీద భూమి లాగే బలం 0.98 న్యూటన్. పుస్తకం మాత్రం రెండింటికీ ‘బరువు’ అనే మాటే వాడి గందరగోళం చేసింది. పుస్తకం సంగతి చివర్లో.

కొలజాడీది చిన్న తప్పే, కానీ పని ఆగిపోతుంది. జాడీ లోపలి వ్యాసం 2.7 సెంటీమీటర్లు. 2 సెంటీమీటర్ల ఘనానికి మూల నుంచి మూలకు 2.83. అంటే ఘనం జాడీలోకి దిగదు. ఓరగా నెడితే మధ్యలో ఇరుక్కుంటుంది, బలంగా నెడితే ప్లాస్టిక్ పగులుతుంది. ‘ఘనాన్ని కొలజాడీలో వేసి నీటి మట్టం ఎంత పెరిగిందో చూడండి’ అని రాసినవాళ్లు ఒక్కసారైనా వేసి చూసి ఉంటే ఈ వాక్యం అచ్చయ్యేది కాదు. దీనికి తేలికైన మార్గం పొర్లే నీళ్లను పట్టుకోవడం. పానీయం సీసా పైభాగం కోసేసి, అంచుకు రెండు వేళ్ల కింద చిన్న రంధ్రం చేసి స్ట్రా ముక్క దూర్చండి. చుట్టూ ఎమ్‌సీల్ పెట్టండి. రంధ్రం దాకా నీళ్లు పోసి, బొట్లు పూర్తిగా ఆగేదాకా ఆగండి. అప్పుడు ఘనాన్ని దారంతో మెల్లగా దించి, పొర్లిన నీళ్లను 10 మిల్లీలీటర్ల సిరంజీతో కొలవండి. 8 రావాలి. 7 వస్తే చాలాసార్లు కారణం స్ట్రా కొనలో నిలిచిపోయిన బొట్టు. స్ట్రాను కాస్త కిందికి వంచితే అది జారిపోతుంది.

జాడీ ప్లాస్టిక్‌ది కావడంతో ఇంకో చిక్కు ఉంది. నీటి వంపులో అడుగు భాగాన్ని చదవాలని బడిలో చెప్తారు. అది గాజు జాడీకి. ఈ రకం ప్లాస్టిక్‌కు నీళ్లు గాజుకు అంటుకున్నట్టు అంటుకోవు, మట్టం దాదాపు సమంగా ఉంటుంది. లేని వంపు కోసం పిల్లలు వెతుకుతుంటారు. కన్ను మట్టానికి సరిగ్గా ఎదురుగా పెట్టి చదివితే చాలు.

సాంద్రత పాఠంలో పుస్తకం ఇచ్చిన ఉదాహరణ సముద్రంలో తేలే మంచుకొండ. మన పక్క జిల్లాలో, ములుగులోని పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలేంత తేలిక. ఆ ఇటుకలో ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము కూడా తూగదన్నమాట. బడి నుంచి విహారయాత్రకు అక్కడికే తీసుకెళ్తారు. ఇంత దగ్గర్లో ఇటువంటిది ఉండగా మంచుకొండ దాకా పోనక్కర్లేదు.

థర్మామీటర్‌కు వద్దాం. మైనస్ 10 నుంచి 110 డిగ్రీల దాకా గీతలున్న ఎర్ర ద్రవం రకం. పాదరసం కాకపోవడం మంచిదే. పగిలినా విషం భయం లేదు, గాజు పెంకులు జాగ్రత్తగా ఏరితే చాలు. కానీ గీతలు సరైన చోట లేవు. సరిచూడటానికి రెండు స్థిర బిందువులు చాలు. మంచుగడ్డలను గుడ్డలో చుట్టి దంచి, గ్లాసు నిండా వేసి, సందుల్లోకి కొద్దిగా నీళ్లు పోయండి. నీళ్ల మీద నాలుగు మంచుముక్కలు తేలితే సరిపోదు, ముక్కల మధ్య నీళ్లుండాలి. బుడ్డి మునిగేలా పెట్టి మూడు నిమిషాలు ఆగితే 0 చూపాలి. తర్వాత మరిగే నీళ్లు. ఇక్కడ పుస్తకం 100 అంటుంది. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పీడనం ఆ మేరకు తక్కువ కాబట్టి ఇక్కడ నీళ్లు 99 డిగ్రీలకే మరుగుతాయి. సరైన థర్మామీటర్‌తో 99 చూసిన పిల్లవాడు తానే తప్పు చేశాననుకుని 100 అని దిద్దుకుంటాడు. ముందే చెప్పండి, 99 రాసినవాళ్లదే సరైన జవాబని.

మా చేతికొచ్చిన థర్మామీటర్ మంచులో 2, మరిగే నీళ్లలో 97 చూపింది. పారేయాల్సిన పని లేదు. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా థర్మామీటర్ చూపేది, నిలువుగా అసలు ఉష్ణోగ్రత తీసుకుని, (2, 0), (97, 99) అనే రెండు బిందువులు పెట్టి కలపండి. ఆ తర్వాత ఏ రీడింగ్ వచ్చినా ఆ గీత మీద చూసుకోవడమే. థర్మామీటర్ 60 చూపితే అసలు ఉష్ణోగ్రత 60.4. నడుమ భాగంలో తేడా తక్కువ, రెండు చివర్లలో ఎక్కువ. గ్రాఫ్ ఎందుకు గీయాలో లెక్కల పీరియడ్ కంటే ఇక్కడే బాగా తెలుస్తుంది.

ఎర్ర ద్రవం మధ్యలో తెగి, పైన ఒక ముక్క విడిగా నిలిచి ఉంటే ఆ థర్మామీటర్ ఎక్కువ చూపుతుంది. లారీ కుదుపులకూ ఎండకూ ఇది మామూలే. దంచిన మంచు మూడు వంతులు, ఉప్పు ఒక వంతు కలిపి బుడ్డిని అందులో ముంచండి. ద్రవమంతా బుడ్డిలోకి దిగి, తెగిన ముక్క వచ్చి కలుస్తుంది. తీశాక నిలువుగా పట్టుకుని మెల్లగా గది వేడికి రానివ్వండి. కొందరు మంట మీద వేడిచేసి కలపబోతారు, బుడ్డి పగిలిపోతుంది. జ్వరం చూసే థర్మామీటర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ వేడినీళ్లలో పెట్టొద్దు, అది 35 నుంచి 42 దాకానే తట్టుకునేది.

విద్యుత్ భాగం దగ్గర పిల్లలకు ఉత్సాహం ఎక్కువ, విసుగూ ఎక్కువే. వలయం వెలగకపోతే కారణం మూడు చోట్లలో ఒకదానిలో ఉంటుంది. మొదటిది క్రోకడైల్ క్లిప్పు. ఈ కిట్‌లోని క్లిప్పులకు వైరును టంకం వేయలేదు, తొడుగు మీదుగానే నొక్కేశారు. ప్లాస్టిక్ టోపీ వెనక్కి లాగి, రాగి పోగులు లోహానికి తగులుతున్నాయో లేదో చూడాలి. ఆరు వైర్లలో రెండింటికి తగలడం లేదు. తొడుగు ఒలిచి, పోగులు మెలిపెట్టి మళ్లీ నొక్కితే సరిపోతుంది. రెండోది ఎల్ఈడీ. పొడవు కాలు ధన ధ్రువానికే పెట్టాలి, తిప్పి పెడితే వెలగదు. మూడోది వోల్టేజీ. ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 1.8 నుంచి 2 వోల్టులు, తెల్లదానికి 3 వోల్టుల దగ్గర కావాలి. ఒక సెల్లు ఇచ్చేది 1.5 వోల్టులే. ఒక్క సెల్లుతో ఎల్ఈడీ వెలిగించమని చెప్పిన పదహారో ప్రయోగం ఎంత సేపు కూర్చున్నా జరగదు. రెండు సెల్లు శ్రేణిలో, అంటే ఒకదాని వెంట ఒకటి పెట్టి, 100 ఓమ్‌ల నిరోధం (రెసిస్టర్) కలిపితే ఎర్రది చక్కగా వెలుగుతుంది. నిరోధాలు కిట్‌లో లేవు, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో రూపాయి, రెండు రూపాయలకు ఒకటి. తొందరలో 9 వోల్టుల బ్యాటరీ నేరుగా తగిలిస్తే ఎల్ఈడీ క్షణంలో మాడుతుంది. దానికి 680 ఓమ్‌లు పెట్టాలి.

ఉప్పునీటి గుండా విద్యుత్ పోతుందా అనే ప్రయోగానికి పుస్తకం టార్చి బల్బు పెట్టమంది. బల్బు వెలగదు, ఉప్పునీరు బంధకమని, అంటే విద్యుత్‌ను పోనివ్వదని పిల్లలు తేల్చేస్తారు. ఆ బల్బుకు సుమారు 300 మిల్లీఆంపియర్లు కావాలి, గ్లాసులోని ఉప్పునీరు అంత పోనివ్వదు. ఎల్ఈడీకి అయిదారు మిల్లీఆంపియర్లు చాలు. రెండు మేకులను ఒక సెంటీమీటరు ఎడంగా, ఒకదానికొకటి తగలకుండా పట్టుకుని, మూడు సెల్లతో ఎల్ఈడీ పెట్టి చూడండి. రెండు సెల్లతో సరిపోకపోవచ్చు, నీటిని విడగొట్టడానికే ఒకటిన్నర వోల్టు దాకా ఖర్చవుతుంది. పోల్చడానికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. బోరు నీళ్లలో లవణాలు ముందే ఉంటాయి కాబట్టి ఉప్పు వేయకముందే ఎల్ఈడీ కాస్త వెలిగితే కంగారుపడొద్దు. ఇంట్లో గోడ ప్లగ్గు దగ్గరికి మాత్రం ఈ వైర్లు ఏవీ పోకూడదు. పుస్తకంలో ఈ హెచ్చరిక ఒక్కచోటా లేదు, పెద్ద లోపమిది.

విద్యుదయస్కాంతానికి కిట్‌లో ఇచ్చిన ఎనామిల్ రాగి తీగ ఒక మీటరే. 6 మిల్లీమీటర్ల మేకు మీద 40, 45 చుట్లు వస్తాయి. ఊళ్లో మోటార్ వైండింగ్ దుకాణానికి పోతే తీగ ముక్కలు తూకానికి దొరుకుతాయి. బోరు మోటార్లు కాలడం, వైండింగ్‌కు ఇవ్వడం ఇక్కడ ప్రతి ఎండాకాలం ఉండేదే కాబట్టి మండలానికి ఒకటైనా ఆ దుకాణం ఉంటుంది. 28 గేజీ రెండున్నర మీటర్లు తీసుకోండి. తీగ కొసలు రెండూ గరుకు కాగితంతో ఎర్రటి రాగి మెరిసేదాకా గీకాలి. విద్యుదయస్కాంతం పనిచేయలేదంటే పదింట తొమ్మిది సార్లు కారణం ఇదే. ఆ పూత బంధకం, తగిలించినట్టే ఉంటుంది కానీ విద్యుత్ పోదు. చుట్లు పెంచితే బలం పెరుగుతుందని చూపేటప్పుడు తీగ పొడవు మార్చొద్దు. పొడవు పెరిగితే నిరోధం పెరిగి విద్యుత్ తగ్గుతుంది, పోలిక చెడిపోతుంది. రెండున్నర మీటర్లూ వలయంలోనే ఉంచి, మొదట 40 చుట్లు మాత్రం మేకు మీద వేసి ఎన్ని గుండుపిన్నులు లేస్తాయో లెక్కపెట్టండి. తర్వాత 80 చుట్లు వేసి మళ్లీ లెక్కపెట్టండి. ఒక్కసారికి నాలుగైదు సెకన్లకు మించి స్విచ్చి నొక్కి పట్టొద్దు, తీగ కాలుతుంది, సెల్లు దిగిపోతుంది.

అయస్కాంతాలు బలంగా ఉన్నాయి, ఇనుప రజను మూసిన పారదర్శక పలకలో ఇచ్చారు, చెల్లాచెదరు కాదు. ఈ రెండింటికి మెచ్చుకోవాలి. కానీ ఎర్ర రంగు వేసిన కొసే ఉత్తర ధ్రువమని గుడ్డిగా నమ్మొద్దు. మధ్యలో దారం కట్టి, ఇనుప బల్లకూ బీరువాకూ దూరంగా వేలాడదీయండి. ఊగడం ఆగాక ఉత్తరం వైపు తిరిగిన కొసే ఉత్తర ధ్రువం. ఒక జతలో రంగు తిరగబడి ఉంది. దిక్సూచిని బలమైన అయస్కాంతానికి ఆనించి వదిలేస్తే సూది ధ్రువాలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. అలా అయితే ఉత్తరం దక్షిణమై కూర్చుంటుంది. దాచేటప్పుడు రెండు అయస్కాంతాలనూ వ్యతిరేక ధ్రువాలు పక్కపక్కన వచ్చేలా పెట్టి, కొసలకు ఇనుప పట్టీలు ఆనించాలి. పట్టీలు కిట్‌లోనే ఉన్నాయి, పుస్తకంలో వాటి పేరే లేదు.

కాంతి సామాను ఈ పెట్టెలో అన్నిటికంటే మేలైనది. కటకాలు అసలు గాజువి. కుంభాకార కటకం నాభ్యంతరం (కటకం నుంచి దూరపు వస్తువు ప్రతిబింబం స్పష్టంగా పడే చోటు దాకా దూరం) 10 సెంటీమీటర్లని రాశారు. చీకటి గదిలో కిటికీకి ఎదురు గోడ మీద దూరపు నీళ్ల ట్యాంకు ప్రతిబింబం పడేలా చేసి కొలిస్తే 10కి రెండు మూడు మిల్లీమీటర్ల తేడానే వచ్చింది. ఫ్యాను ఆపి కొవ్వొత్తిని 20 సెంటీమీటర్ల దూరంలో పెడితే అవతల 20 దగ్గర అంతే ఎత్తున తలకిందుల ప్రతిబింబం పడుతుంది. 15కు జరిపితే 30 దగ్గర రెట్టింపు ఎత్తు వస్తుంది. 10 కంటే దగ్గరికి తెస్తే తెర మీద ఏమీ పడదు, కటకంలోంచి చూస్తే పెద్దగా కనిపిస్తుంది. ఒక్క కటకంతో ఒక పాఠమంతా అయిపోతుంది. కటకంలోంచి సూర్యుణ్ని మాత్రం చూడనివ్వొద్దు.

సమతల దర్పణంతో పరావర్తన నియమం చూపే ప్రయోగంలో ఒక తప్పు చాలా బడుల్లో జరుగుతుంది. ఇక్కడి అద్దం 3 మిల్లీమీటర్ల మందం, పూత వెనక ఉంది. కాగితం మీద గీతను అద్దం ముందు అంచు వెంట గీస్తే పతన, పరావర్తన కిరణాలు ఆ గీత మీద ఒకేచోట కలవవు. వెనక అంచు వెంట గీయండి, తేడా చాలా తగ్గుతుంది. గుండుసూదులు కనీసం 5 సెంటీమీటర్ల ఎడంగా గుచ్చి, తలలు కాకుండా మొదళ్లు ఒకే వరుసలో కనిపించేలా చూడాలి. పెట్టెలో ఒక లేజర్ పెన్ను కూడా వేశారు. దాన్ని తీసి పక్కన పెట్టేయండి. ఆరో తరగతి పిల్లల చేతికి ఇవ్వాల్సింది కాదు, పక్కవాడి కంట్లోకి పడటానికి క్షణం చాలు. టార్చి ముందు ఒక మిల్లీమీటరు చీలిక కోసిన నల్ల అట్ట అతికిస్తే అదే పని అవుతుంది.

లోలకానికి ఇచ్చిన దారం నైలాన్‌ది, సాగుతుంది. మామూలు నూలు దారం కట్టండి. వేలాడదీసిన చోటు నుంచి గుండు మధ్య దాకా 25 సెంటీమీటర్లు ఉంటే ఒక డోలనానికి (అటు పోయి మళ్లీ మొదటి చోటికి రావడానికి) ఒక సెకను, ఒక మీటరు ఉంటే రెండు సెకన్లు. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే. 20 డోలనాలకు సమయం చూసి భాగించాలి. వదిలిన క్షణాన ‘ఒకటి’ అని లెక్క మొదలుపెడితే 20 అనుకున్నవి 19 అవుతాయి, 25 సెంటీమీటర్ల లోలకానికి 20 బదులు 19 సెకన్లు వస్తాయి. ‘సున్నా’ అని మొదలుపెట్టాలి.

శృతిదండాన్ని బల్లకేసి కొట్టొద్దు, రబ్బరు చెప్పు అడుగున కొట్టాలి. లిట్మస్ వానాకాలం తేమకు పాడవుతుంది, మూత గట్టి డబ్బాలో ఉంచండి. అయిపోతే వంటింటి పసుపు పూసిన కాగితం ఉంది, సున్నపు నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. సిరంజీల ప్రయోగాలు బాగానే పనిచేస్తాయి, గొట్టంలో గాలిబుడగ లేకుండా నీళ్లలో ముంచి నింపితే చాలు.

ఇక పుస్తకం. సర్కారు బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి కాబట్టి పిల్లలకు రెండు భాషల మాటలూ అలవాటే. ఈ పుస్తకం ఆ రెండింటికీ చెందని మాటలు పుట్టించింది. నాభ్యంతరాన్ని ‘కేంద్ర పొడవు’ అంది, డోలనావర్తన కాలాన్ని ‘ఊపు సమయం’ అంది. పిల్లవాడికి ఇచ్చే ముందు ఈ మాటలను పెన్సిల్‌తో దిద్దండి. ప్రతి ప్రయోగానికీ ‘ఏమి గమనిస్తారు’ అనే జవాబు ప్రశ్న పక్కనే ఉంది, దాని మీద కాగితం అతికించి ఇవ్వడం మేలు.

మాటలకంటే పెద్ద తప్పు ముప్ఫై ఒకటో ప్రయోగంలో ఉంది. పళ్లెంలో నీళ్లు పోసి, వెలిగే కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లిస్తే నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ‘కొవ్వొత్తి ఆక్సిజన్‌ను వాడేసింది, ఆ అయిదో వంతు చోటులోకి నీరు వచ్చింది’ అని రాశారు. చాలా పుస్తకాల్లో ఉన్న తప్పే ఇది. గ్లాసులో ఆక్సిజన్ ఇంకా చాలా మిగిలి ఉండగానే మంట ఆరిపోతుంది. పైగా వాడిన ఆక్సిజన్ స్థానంలో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. గ్లాసు బోర్లించేటప్పటికే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, అంచు దగ్గర బుడగలు కూడా కనిపిస్తాయి. మంట ఆరాక గాలి చల్లబడి పీడనం తగ్గుతుంది, అప్పుడు బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. నీళ్లు ఎక్కువగా ఎక్కేది మంట వెలుగుతున్నప్పుడు కాదు, ఆరిన తర్వాత. పిల్లలను ఈ ఒక్కటే గమనించమనండి. తర్వాత ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులతో చేయండి, నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసు అదే, అందులోని ఆక్సిజన్ అంతే, మరి నీళ్లు ఎందుకు పెరిగాయో వాళ్లనే చెప్పమనండి.

కొనేటప్పుడు దుకాణంలోనే పెట్టె విప్పించండి. జేబులో పది రూపాయల నాణేలు పదమూడు, రెండు పెన్సిల్ సెల్లు తీసుకెళ్లండి. త్రాసు సున్నా, 100 చూడండి. థర్మామీటర్ ద్రవం తెగిందేమో చూడండి. ఆరు వైర్లనూ ఒక్కొక్కటిగా బల్బుతో కలిపి వెలిగించండి. కటకం అంచు పగుళ్లు చూడండి. పది నిమిషాల పని. ఇవి సరిగా ఉంటే 1,500 ఇవ్వొచ్చు. నిరోధాలు, రాగి తీగ, నూలు దారం, గరుకు కాగితం, డిస్టిల్డ్ వాటర్ కలిపి ఇంకో 150 రూపాయల దాకా అవుతుంది. నలభై మంది ఉన్న తరగతికి ఒక పెట్టె చాలదు, అయిదుగురికి మించితే వెనకున్నవాళ్లకు ముల్లు కనిపించదు. ఎనిమిది పెట్టెలు కొనే డబ్బు లేకపోతే రెండు పెట్టెలు కొని, మిగతా గుంపులకు త్రాసులు, థర్మామీటర్లు, కటకాలు మాత్రం విడిగా తీసుకోండి. ఘనాలు, లేజర్ పెన్ను మళ్లీ మళ్లీ కొనాల్సిన పని లేదు.

వేసవి సెలవులకు పెట్టె మూసే ముందు హోల్డర్‌లోంచి సెల్లు తీసేయండి. వదిలేస్తే జూన్ నాటికి రసం కారి స్ప్రింగు కొసలకు తెల్లటి, పచ్చటి పొర కడుతుంది. అప్పటికే కట్టి ఉంటే చేతికి తొడుగు వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో తోమి, గరుకు కాగితంతో రుద్ది, లోహం మెరిసేదాకా తుడవండి. హోల్డర్ కొత్తది కొనాలన్నా ఇరవై రూపాయలే.